బావ ఇచ్చిన మాత్రలు

ఎడమ కాలి వేలొకటి నల్లబడ్డప్పుడు మేస్త్రి కొత్త చెప్పులు కరిచాయని అందరికీ చెప్పుకున్నాడు. ఆ చెప్పులు మూలకి విసిరేసి పాతవి తొడుక్కున్నాడు. అయినా నలుపు తగ్గలేదు. అప్పటికే కొన్ని నెలలుగా నాలుగడుగులు వేస్తే చాలు, పిక్కలు పట్టేసేవి. ఇంటికీ అతను పనిచేసే ఫర్నిచర్ షెడ్డుకీ మధ్య పెద్ద దూరం లేదు. ఆ కాస్త దూరంలోనే ఒకచోట ఆగి, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు నటిస్తూ, సిగరెట్టు వెలిగించేవాడు. అది అయిపోయేసరికి నొప్పి సర్దుకునేది. సర్దుకున్నది నిలబడి కాళ్ళకి విశ్రాంతి ఇచ్చినందుకని అతనికి తట్టలేదు. నొప్పికి సిగరెట్టే మందని గట్టిగా నమ్మాడు.

షెడ్డులో మాత్రం కాల్చడానికి వీల్లేదు. పాలిష్ గదిలో థిన్నర్ డబ్బాలుంటాయి కాబట్టి అది ఓనరు పెట్టిన కట్టుబాటు. పనివాళ్ళంతా వెనకవైపు చెక్కముక్కల గుట్ట దగ్గరికి వెళ్ళి కాల్చుకునేవాళ్ళు. అక్కడ వీపు లేని కుర్చీ ఒకటి మేస్త్రికని విడిగా ఉండేది. అందులో కూర్చుని రెండు దమ్ములు లాగితే గానీ ఏ బల్ల కొలతా అతని తలకెక్కేది కాదు. పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. తలుపు బిగించాడంటే పదేళ్ళయినా కిర్రుమనేది కాదు.

చివరికి భార్యే అతన్ని ఆస్పత్రికి లాక్కెళ్ళింది. లాక్కెళ్ళడం అంటే మాటవరసకి కాదు, నిజంగానే రెక్క పట్టుకుని ఆటో ఎక్కించింది. రక్తనాళాల డాక్టరమ్మ వేలు చూసింది, పాదం మీద చెయ్యి పెట్టి నాడి వెతికింది, దొరకలేదు. రక్తపరీక్ష చీటీ ఇచ్చి, డబ్బు కట్టి రమ్మని భార్యని కిందికి పంపించింది. ఆ తర్వాత మేస్త్రి వైపు తిరిగింది.

"రోజుకి ఎన్ని కాలుస్తారు?"

"లెక్క పెట్టుకోలేదండి. పెట్టె అయిపోతే ఇంకో పెట్టె."

"ఏం పని చేస్తారు?"

"వడ్రంగం."

"అయితే కోతల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ వేలు ఎలాగూ తీసెయ్యాలి. మీరు ఇలాగే ఊదుకుంటూ కూర్చుంటే తర్వాత పాదం, ఆ తర్వాత మోకాలి దాకా. పొగ మీ కాలి రక్తనాళాల్ని మూసేస్తోంది. తగ్గిస్తే లాభం లేదు, పూర్తిగా మానాలి. పండక్కొకటి, పబ్బానికొకటి అంటే కుదరదు."

"మానానండి. చాలాసార్లు మానాను. మర్నాడు పొద్దున్నే చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది."

"అందుకే మాత్రలు రాస్తున్నాను. మెదడులో ఆ కోరికని తగ్గిస్తాయి. మొదటి వారం మాత్ర వేసుకుంటూనే కాల్చుకోండి. రెండో వారంలో ఒక రోజు అనుకుని ఆ రోజు నుంచి ముట్టుకోవద్దు. మాత్ర నమలొద్దు, విరవొద్దు. ఒకటి మర్చిపోతే తర్వాత రెండూ కలిపి మింగొద్దు. సరేనా? మీకెప్పుడైనా ఫిట్స్ వచ్చాయా?"

"ఫిట్సా? జీతాల రోజున మా ఓనరుకి వస్తుంటాయండి."

డాక్టరమ్మ నవ్వలేదు. కలం కాగితం మీదే ఆపి, "నవ్వులాట కాదు. ఫిట్స్ వచ్చేవాళ్ళకి ఈ మాత్ర ఇవ్వకూడదు. చిన్నప్పుడైనా సరే, వచ్చాయా లేదా?" అంది.

"లేదండి. ఎప్పుడూ లేదు."

నిజమే చెప్పాడు. ఆ ప్రశ్నని అక్కడే, ఆ బల్ల మీదే వదిలేసి బయటికొచ్చాడు.

వేలు తీసేశారు. కట్టుతో ఇంటికొచ్చిన మేస్త్రికి భార్య నీళ్ళగ్లాసు, మాత్ర చేతికిచ్చింది. మాత్ర మింగి సిగరెట్టు వెలిగించబోతే తెల్లబోయి చూసింది.

"డాక్టరమ్మే చెప్పింది, మొదటి వారం కాల్చుకోమని."

"బాగానే ఉంది. మానడానికి మాత్ర, కాల్చడానికి సెలవు! ఆవిడ ఎవరి వైపో నాకర్థం కావట్లేదు."

కానీ వారం తిరక్కుండానే ఏదో తేడా తెలిసింది. పొద్దున టీ తాగాక వెలిగించిన సిగరెట్టు తడి కాగితం కాల్చినట్టు ఉంది. సరుకు పాతదేమోనని ఇంకో పెట్టె తెప్పించాడు. అదీ అంతే. ఒంట్లో ఏదో తలుపు మూసుకుపోయినట్టు, పొగ లోపలికి పోతోంది గానీ పలికేవాళ్ళు లేరు. అనుకున్న రోజున మానేశాడు. నోరు ఎండిపోయేది, నిద్ర సరిగ్గా పట్టేది కాదు, మాట కంటే ముందు కోపం వచ్చేది. షెడ్డులో ఒకడు కొలత తప్పాడని చేతిలో ఉన్న ఉలి విసిరేసి, అది వెళ్ళి గోడకి గుచ్చుకుంటే తనే హడలిపోయాడు. ఇంట్లో ఉప్పు ఎక్కువైందని కంచం తోసేశాడు.

"సిగరెట్టు మానేసి ఇంట్లోకి పులిని తెచ్చారు" అంది భార్య. అలా అంటూనే ఆ కంచం తీసి ఇంకోసారి వడ్డించింది.

ఆ గండం కూడా గడిచింది. పుండు మానింది. నడిస్తే పిక్క పట్టేయడం తగ్గింది. ఓ రోజు షెడ్డు దాకా ఎక్కడా ఆగకుండా వెళ్ళాడు. వెళ్ళాక గానీ ఆ సంగతి గుర్తుకు రాలేదు. ఆ రోజు మేస్త్రికి ఆనందం పట్టశక్యం కాలేదు. ఇక అప్పటినుంచి షెడ్డులో అతన్ని పట్టుకోవడం కష్టమైంది. ఎవడైనా వెనక్కి వెళ్తుంటే, "వెళ్ళు నాయనా, వెళ్ళు. నీ వేళ్ళు నీ ఇష్టం" అనేవాడు. వాళ్ళు అతనికి సిగరెట్ల స్వామి అని పేరు పెట్టారు. పైకి విసుక్కున్నా ఆ పేరు అతనికి లోలోపల నచ్చింది.

ఆ వెనక్కి వెళ్ళేవాళ్ళలో అతని బావమరిది కూడా ఉన్నాడు.

భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. మీసం సరిగ్గా రాని వయసులోనే తండ్రి పోతే అక్క వెంట వచ్చి ఈ షెడ్డులో చేరాడు. పని నేర్పింది మేస్త్రే. ఉలి పట్టుకోవడం, రంపానికి పదును పెట్టడం, చెక్కలో పీచు ఎటు పోతోందో వేలితో తడిమి చెప్పడం, అన్నీ బావ దగ్గరే. సిగరెట్టు కూడా. ఒకసారి పెళ్ళివారి మంచం గడువు దగ్గరపడి ఇద్దరూ రాత్రంతా కూర్చుని పాలిష్ పెడుతుంటే వాడు తూలిపోతున్నాడు. "ఒక్క దమ్ము లాగరా, నిద్ర ఎగిరిపోతుంది" అని మేస్త్రే వెనకవైపుకి తీసుకెళ్ళి నోటికందించాడు. వాడు దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే కడుపుబ్బ నవ్వాడు. ఇప్పుడు వాడు షెడ్డులో రెండో చెయ్యి. రంపం మిషను మీద వాడు కోసినంత తిన్నగా మేస్త్రి కూడా కోయలేడు. పెళ్ళయింది, ఒక కూతురు. ఆ పిల్లకి ఉబ్బసం. గాలి పీల్చుకోలేక పిల్లిపిల్లలా కూస్తుంటే, ఇంట్లో పొగ ఉండకూడదని, చొక్కాకి పట్టిన వాసన కూడా మంచిది కాదని పిల్లల డాక్టరు ఖచ్చితంగా చెప్పాడు.

ఓ మధ్యాహ్నం భోజనాలయ్యాక వాడు మేస్త్రిని చెక్కముక్కల గుట్ట దగ్గరికి పిలిచాడు.

"బావా, నీ మాత్రలు ఇంకా ఉన్నాయా?"

"ఉన్నాయి. ఎందుకురా?"

"నేనూ మానేద్దామని. పాప నా దగ్గరికి రావట్లేదు బావా. ఎత్తుకోబోతే మొహం తిప్పుకుంటోంది."

మేస్త్రి గుండె కరిగిపోయింది. "అయితే రేపే ఆస్పత్రికి పోదాం. ఆ డాక్టరమ్మ నోరు పెద్దదే గానీ మనసు మంచిది."

"వద్దు బావా. నాకు ఆస్పత్రులు పడవు. వెళ్తే మా ఆవిడ కూడా బయల్దేరుతుంది. వాళ్ళేమో పుట్టినప్పటినుంచి ఉన్న రోగాలన్నీ అడుగుతారు."

"అడిగితే అడగనీ. నీకేం రోగాలున్నాయిరా?"

వాడు నవ్వేశాడు. "ఏం లేవు. అందుకే అంత దూరం వెళ్ళడం ఎందుకంటున్నా. నీకు పనిచేసిన మందు నాకు చెయ్యదా?"

ఎందుకు చెయ్యదు అనుకున్నాడు మేస్త్రి. ఒకే సిగరెట్టు, ఒకే అలవాటు. తను అంటించిన జబ్బుకి తన చేత్తోనే మందు ఇచ్చే అదృష్టం దొరికిందని కూడా అనుకున్నాడు. ఈ మధ్య సాయంత్రం మాత్ర మర్చిపోతున్నాడు కాబట్టి మిగిలినవి ఉన్నాయి. మర్నాడు తెచ్చి, అచ్చం డాక్టరమ్మలాగే వేలు చూపిస్తూ చెప్పాడు. మొదట రోజుకొకటి, తర్వాత రెండు, నమలొద్దు, విరవొద్దు. అంతా చెప్పాడు. ఆమె అడిగిన ఆ ప్రశ్న ఒక్కటే అడగలేదు. అది తనకి సంబంధించింది కాదు కాబట్టి ఎప్పుడో బుర్రలోంచి జారిపోయింది.

"అక్కకి చెప్పకు బావా. పూర్తిగా మానేశాక చెబుదాం. మా ఆవిడకీ అప్పుడే."

"సరేలే" అన్నాడు మేస్త్రి.

కొన్నాళ్ళకి వాడి కళ్ళు ఎర్రబడ్డాయి. నిద్ర పట్టట్లేదన్నాడు. మొదట్లో నాకూ అంతే, ఓపిక పట్టు అన్నాడు మేస్త్రి. సిగరెట్టు రుచి ఇంకా పోలేదని, నీకు పనిచేసినంత త్వరగా నాకు చెయ్యట్లేదని వాడు గొణిగాడు. వాడి తొందర మేస్త్రికి తెలుసు. జిగురు ఆరకముందే బిగింపు విప్పేసే రకం. పొద్దున మాత్ర, సాయంత్రం మాత్ర రెండూ కలిపి ఒకేసారి మింగేస్తున్నాడని మాత్రం తెలియదు.

ఆ పొద్దున షెడ్డులో అందరూ పనిలో ఉన్నారు. బావమరిది రంపం మిషను మీద టేకు పలక కోస్తున్నాడు. మేస్త్రి పక్కనే తలుపు చట్రానికి కొలత గీస్తున్నాడు. రంపం పలకలో తిన్నగా పోతుంటే ఒక తీరున పాడుతుంది. ఆ పాట ఒక్కసారిగా మారింది. మేస్త్రి తలెత్తాడు. వాడి మెడ ఒక పక్కకి తిరిగి ఉంది. ఎవరో పిలిస్తే చూస్తున్నాడనుకున్నాడు. అంతలో వాడి పళ్ళు బిగుసుకున్నాయి, ఒళ్ళు కొయ్యబారింది, పలకతో సహా ముందుకి వాలిపోయాడు.

"మిషను ఆపండ్రా!" అని అరిచింది తనేనని మేస్త్రికి తర్వాత ఎవరో చెబితే తెలిసింది.

నేల మీద వాడు కొట్టుకుంటున్నాడు. రంపపు పొట్టు అంతా ఎర్రటి ముద్దయింది. కుడిచెయ్యి చూడలేక ఒకడు అక్కడే కూలబడ్డాడు. మేస్త్రి తన చొక్కా విప్పి, ముంజేతికి బిగించి కట్టి, కొట్టుకుంటున్న ఆ ఒంటిని తన ఒంటితో అదిమి పట్టుకున్నాడు. వ్యాను వచ్చేదాకా అలాగే పట్టుకుని, "నేనున్నారా, నేనున్నా" అని చెబుతూనే ఉన్నాడు. వాడికేమీ వినపడలేదు.

చెయ్యి నిలబెట్టలేమన్నారు. మణికట్టుకి పైన తీసేశారు. ఆ కబురు చెప్పిన కుర్ర డాక్టరు అక్కడే వసారాలో నిలబడి, చెయ్యి తెగాక కిందపడ్డాడా, పడ్డాక చెయ్యి తెగిందా అని అడిగాడు. ముందు ఒళ్ళు బిగుసుకుందని మేస్త్రి చెప్పాడు. అప్పుడు డాక్టరు ముగ్గురి వైపూ చూశాడు. మేస్త్రి, అతని భార్య, బావమరిది భార్య. పాపని పొరుగింట్లో వదిలి పరుగెత్తుకొచ్చిన ఆ అమ్మాయి మెడలో ఇంకా కొలతల టేపు వేలాడుతోంది. బట్టలు కుట్టేది ఆమె.

"ఇతనికి ఇంతకుముందు ఫిట్స్ వచ్చాయా?"

"లేదండి" అంది బావమరిది భార్య వెంటనే. "ఎప్పుడూ లేదు. రాయిలా ఉంటాడు."

మేస్త్రి కూడా లేదనే తల ఊపాడు. ఊపుతూ పక్కకి చూశాడు. అతని భార్య గోడకి ఆనుకుని కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"వచ్చేవి" అంది ఆమె. కొంగు తీసి మళ్ళీ చెప్పింది. "చిన్నప్పుడు వచ్చేవి. పెద్దయ్యాక తగ్గిపోయాయి. మందులు కూడా ఆపేశారు. మా అమ్మ ఎవరికీ చెప్పొద్దంది."

బావమరిది భార్య ఆమె వైపు తిరిగింది. అలా చూస్తూ ఉండిపోయింది.

డాక్టరు అదేమీ పట్టించుకోకుండా రెండో ప్రశ్న వేశాడు. "ఇప్పుడేమైనా మందులు వాడుతున్నాడా?"

"ఏమీ లేవండి" అంది ఈసారి మేస్త్రి భార్య.

ఆ బల్ల, ఆ కాగితం మీద ఆగిన కలం, నవ్వని ఆ మొహం అన్నీ ఒక్కసారి మేస్త్రి కళ్ళముందుకొచ్చాయి. చొక్కా లేదు, ఎవరిదో తువ్వాలు భుజాన ఉంది. పాంటు జేబులో చెయ్యి పెట్టి తన మాత్రల అట్ట తీశాడు.

"ఇవి" అన్నాడు.

డాక్టరు అట్ట తిప్పి చూశాడు. "ఇవి అతనికి ఎవరు రాశారు?"

"నాకు రాశారు. వాడికి నేనిచ్చాను."

వసారాలో అటూ ఇటూ రోగుల్ని తోసుకెళ్ళే బళ్ళు పోతున్నాయి. చివరికి బావమరిది భార్యే మాట్లాడింది. కేకలు వెయ్యలేదు. వేసుంటే బాగుండునని మేస్త్రి తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

"వదినకి ఆ సంగతి తెలుసు. అన్నయ్యగారికి ఈ సంగతి తెలుసు. ఆయనకి రెండూ తెలుసు. ఇన్నాళ్ళూ ఆయనతో కాపురం చేసిన నాకు మాత్రం ఎవరూ ఏమీ తెలియనివ్వలేదు. ఒక్కళ్ళు చెప్పినా నేను చూసుకునేదాన్ని కదా."

మేస్త్రి బయటికి వచ్చేశాడు. ఆస్పత్రి గేటు దగ్గర టీ బంకులో ఏమడిగాడో తనకే తెలియదు గానీ చేతిలోకి సిగరెట్టు వచ్చింది. వెలిగించాడు. లోపలికి లాగాడు. తడి కాగితం. ఇంకోసారి గట్టిగా లాగాడు. ఏమీ లేదు. ఆ పూట అతనికి ఏదో ఒకటి కావాలి, ఈ పొగైనా మునుపట్లా గుండెల్లో దిగి కాస్సేపు ఆదుకోవాలి. కానీ పొద్దున మింగిన మాత్ర ఒంట్లో తన పని తను చేసుకుంటూ పోతోంది. సిగరెట్టు కాలువలోకి విసిరేసి మెట్ల మీద కూలబడ్డాడు.

మర్నాడు తెల్లవారాక ఇంట్లో మేస్త్రి భార్య అడిగింది. స్టవ్వు వైపు మొహం పెట్టి, వీపు ఇటు తిప్పి.

"ఆ మాత్రలు ఇచ్చేముందు నాకొక్క మాట చెప్పాలనిపించలేదా?"

"వాడు చెప్పొద్దన్నాడు."

"మా అమ్మా అంతే అంది." స్టవ్వు కట్టేసింది. "వాడి పెళ్ళిచూపులకి ముందు నా చేత ఒట్టేయించుకుంది. అమ్మ పోయింది. నేను ఇక ఎవరికి భయపడి దాచానో నాకే తెలియదు. మీకు చెబితే ఏం పోయేది? మీరేమైనా పరాయివాళ్ళా?"

మేస్త్రి మాత్రల కోర్సు ఇంకా పూర్తి కాలేదు. ఆ పొద్దున అట్ట చేతిలో పట్టుకుని కూర్చున్నాడు, మాత్ర తీసి మింగలేకపోయాడు. ఆమె వచ్చి చూసింది. అట్ట తీసుకుని, మాత్ర బయటికి తీసి, నీళ్ళగ్లాసు పక్కన పెట్టింది.

"మింగండి. ఒక చెయ్యి పోయింది. కాలు కూడా పోగొట్టుకుంటారా?"

మింగాడు. కోర్సు అయ్యేదాకా ప్రతి పూటా ఆమే అలా తీసి పెట్టేది, ప్రతి పూటా అతను మింగేవాడు. గొంతులోంచి అది దిగుతుంటే రంపం మారిన పాట వినపడేది. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు.

బావమరిది ఇంటికొచ్చాడు. భార్య పాపని తీసుకుని కొన్నాళ్ళు పుట్టింట్లో ఉంది, తర్వాత వచ్చేసింది. ఎందుకు వచ్చావని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆమె ఆడపడుచు ఇంటి గడప మాత్రం మళ్ళీ తొక్కలేదు. వాడికి ఇప్పుడు ఫిట్స్ రాకుండా రోజూ మందు వెయ్యాలి, మిషన్ల దగ్గరికి వెళ్ళకూడదు. వాడు మిషన్లు లేని చోటు వెతుక్కోవడానికి కూడా ఇంట్లోంచి కదల్లేదు. అరుగు మీద కూర్చుని సిగరెట్లు కాల్చేవాడు. మునుపటికంటే ఎక్కువ. చొక్కా గుండీలు, అన్నం ముద్ద, చెప్పు పట్టీ, అన్నిటికీ ఎడమచేత్తో తంటాలు. ఎవరైనా సాయం చెయ్యబోతే కసిరేవాడు.

మేస్త్రి రోజూ సాయంత్రం అక్కడికి వెళ్ళి అరుగు మీద ఇంకో చివర కూర్చునేవాడు. ఓ సాయంత్రం గాలి గట్టిగా వీస్తోంది. బావమరిది అగ్గిపెట్టెని మోకాళ్ళ మధ్య ఇరికించి పుల్ల గీస్తే ఆరిపోతోంది. మళ్ళీ గీస్తే మళ్ళీ. చివరికి పెట్టె జారి కిందపడి పుల్లలన్నీ చెల్లాచెదురయ్యాయి. వాడు వంగి ఏరుకోలేదు.

"బావా, కొంచెం వెలిగించు."

మేస్త్రి లేచాడు. పుల్ల గీసి రెండు అరచేతుల మధ్య దాచి వాడి మొహానికి దగ్గరగా పట్టాడు. వాడు లాగాడు. కిటికీ అవతల పాప దగ్గింది. ఇద్దరూ విన్నారు. మేస్త్రి చేతిలో పుల్ల వేళ్ళదాకా కాలి చురుక్కుమంది.

"రేపు నాతో ఆస్పత్రికి రా" అన్నాడు. "ఈసారి మీ ఆవిడ కూడా వస్తుంది. అన్నీ చెబుదాం."

వాడు మొహం అటు తిప్పుకుని పొగ వదిలాడు. కానీ మర్నాడు చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన భార్య నిలబడి ఉంది.

డాక్టరమ్మ మొత్తం విన్నది. తనని తిడుతుందేమోనని మేస్త్రి తల వంచుకుని కూర్చున్నాడు. ఆమె చాలాసేపు తన కళ్ళద్దాలు తుడుచుకుంది.

"ఆ రోజు నేను మిమ్మల్ని అడిగిన ప్రశ్నలన్నీ మీ ఒంటి గురించి. ఆ మాత్ర మీ ఒంటికి రాసింది. ఇంకొకరికి ఇవ్వొద్దని ఆ పూట నోరు తెరిచి చెప్పానో లేదో నాకు గుర్తు లేదు. ఇప్పుడు ప్రతివాళ్ళకీ చెబుతాను" అంది. తర్వాత బావమరిది వైపు తిరిగి మొదటినుంచీ అడగడం మొదలుపెట్టింది. వాడు తడబడ్డ ప్రతిచోటా వాడి భార్య జవాబు చెప్పింది. ఫిట్స్ మొదట ఏ వయసులో వచ్చాయి, ఎప్పుడు ఆగాయి, అన్నీ ఆమెకి ఇప్పుడు కంఠతా వచ్చు.

ఆ మాత్ర వీడికి జన్మలో వద్దంది డాక్టరమ్మ. ఒంటికి అతికించుకునే పట్టీలు, నమిలే బిళ్ళలు రాసింది, ఫిట్స్ చూసే డాక్టరుతో మాట్లాడాకే. వాడు మానాడు, మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ మానాడు. ఇప్పటికీ పూర్తిగా గట్టెక్కాడని చెప్పలేం. ఇంట్లో మాత్రం కాల్చడు. పాప దగ్గరికొస్తుంది, ఎడమచెయ్యి పట్టుకుంటుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి వాడికి కలప అడితిలో పని దొరికింది. దుంగల కొలతలు రాయడం. ఎడమచేత్తో రాసిన అంకెలు కోడి కెలికినట్టు ఉండేవి, మెల్లగా కుదురుకున్నాయి. చెక్క మీద వేలు పెట్టి పీచు ఎటు పోతోందో చెప్పడం మాత్రం మర్చిపోలేదు.

ఓసారి మేస్త్రి టేకు పలకల కోసం అక్కడికి వెళ్ళాడు. బేరం అయ్యాక, పలకలు బండి ఎక్కిస్తుంటే, ఇద్దరూ నీడలో నిలబడ్డారు.

"బావా" అన్నాడు వాడు, దుంగల వైపు చూస్తూ. "ఆ రోజు నువ్వు అడిగినా నేను చెప్పేవాణ్ణి కాదు."

"ఏ రోజు?"

"నీకు తెలుసు ఏ రోజో. ఫిట్స్ ఉన్నాయా అని నువ్వు అడిగినా, లేవనే చెప్పేవాణ్ణి. మాత్రలు ఎలాగూ తీసుకునేవాణ్ణి. నువ్వు ఊరికే కుమిలిపోకు."

మేస్త్రి వాడి భుజం మీద చెయ్యి వేద్దామనుకున్నాడు. వాడు అప్పటికే లోపలి నుంచి ఎవరో పిలిస్తే వెళ్ళిపోయాడు.

మేస్త్రి దారంతా ఆ మాటనే పట్టుకుని నడిచాడు. అది నిజమైతే బరువు సగం దిగుతుంది. నిజమే అయి ఉండాలి, లేకపోతే అంత స్థిరంగా ఎందుకంటాడు? ఎక్కడా ఆగకుండా ఇంటికొచ్చాడు. భార్య ఆరిన బట్టలు మడతపెడుతోంది. ఆమెకి ఎదురుగా కూర్చుని, వాడు అన్నది అన్నట్టుగా చెప్పాడు. చెబుతూ ఆమె మొహం కేసి ఆశగా చూశాడు.

ఆమె మడతపెడుతున్న చొక్కాని ఒళ్ళోనే ఆపింది.

"వాడు చిన్నప్పటినుంచీ అంతే" అంది. "నేను కుండ పగలగొడితే, నేనే పగలగొట్టానమ్మా అని వాడు వెళ్ళి దెబ్బలు తినేవాడు."

మళ్ళీ చొక్కా అందుకుని చేతులు రెండూ వెనక్కి మడిచింది. మేస్త్రి లేచి, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు.